ఆఖరి ఏడాది బిళ్ళ

మెరుగాయనను సొంత పేరుతో పిలిచే మనిషి ఇప్పుడు ఆ వీధిలో ఎవరూ లేరు. పిలిచినా ఆయన పలకడు, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. వెండి సామాను చేసే కార్ఖానాలో మెరుగు పెట్టడం ఆయన పని. పళ్ళెం కానీ గిన్నె కానీ సుత్తి కిందనుంచి బయటపడేసరికి అది వెండో తగరమో పోల్చుకోవడం కష్టం. ఒళ్ళంతా గీతలతో, అలిగిన ముఖంతో ఉంటుంది. దాన్ని తెచ్చి ఈయన చేతికిస్తారు. మోటారు మీద గిర్రున తిరిగే గుడ్డచక్రానికి ఎర్రటి మెరుగుముద్ద రాసి, సామానును దానికి ఆనించి, ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసకు వచ్చేసరికి చూసేవాడి ముఖం అందులో కనిపించాలి. బాగా కనిపించకపోతే ఆ తప్పు ముఖానిదే అంటాడు మెరుగాయన. ఆ ధీమా ఆయనకు పుట్టుకతోనే వచ్చింది, ఎవరూ నేర్పలేదు.

కార్ఖానా వెనక గదికి ఆయనే రాజు, ఆయనే మంత్రి. గోడలు, బల్బు, కిటికీ చువ్వలు, మేకుకు తగిలించిన చొక్కా, అన్నిటి మీదా ఎర్రపొడి పల్చగా పేరుకుని ఉంటుంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని మోటారు ముందు కూర్చున్నాడంటే చెవి దగ్గర అరిచినా వినపడదు. సబ్బుతో ఎంత తోమినా ఆ పొడి చేతి గీతల్లోంచి పోదు. ఇక మెరుగు పనివాళ్ళకు ఒక అలవాటుంది. పని అయిపోయిందని నోటితో చెప్పరు. చక్రం ఆపి, వస్తువును వెలుతురుకు పట్టి, బొటనవేలితో దాని ముఖం మీద ఒక్కసారి అడ్డంగా రాస్తారు. ఆ రాయడంతో అది పూర్తయినట్టు లెక్క. తర్వాత మెత్తని గుడ్డతో తుడిచి తూకానికి పంపుతారు. మెరుగాయనకు అలా ఆయన గురువు నేర్పాడు, గురువుకు ఇంకెవరో నేర్పి ఉంటారు. గిన్నెలకూ పళ్ళేలకూ దానివల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఇలాంటి మనిషికి నాణేల పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. ఒకసారి ఒక పెద్దమనిషి పాత వెండి నాణెం ఒకటి పట్టుకుని కార్ఖానాకు వచ్చాడు.

"దీనికి కొక్కెం అతికించి, బాగా మెరుగు పెట్టి ఇవ్వండి. మా అమ్మాయి గొలుసులో వేయాలి," అన్నాడు.

మెరుగాయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. బిళ్ళ నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చోటంతా, అద్దం. దాని మధ్య రాజుగారి తల మాత్రం పిండి అద్దినట్టు తెల్లగా, మెత్తగా లేచి ఉంది. అక్షరాల అంచులు గోరు తెగేంత పదునుగా ఉన్నాయి.

"దీనికి నేను మెరుగు పెట్టను," అన్నాడు తిరిగొచ్చి.

"అదేమిటండీ, మీ పనే అది కదా."

"మెరుగు లేనిదానికి పెట్టడం నా పని. దీనికి పెట్టినవాడు నాకన్నా మొనగాడు. వాడి పని మీద నేను చెయ్యి వెయ్యను."

తనకన్నా మొనగాడు ఇంకొకడున్నాడని మెరుగాయన నోరారా ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. కార్ఖానా యజమాని ముక్కున వేలేసుకున్నాడు. చివరికి ఆ పెద్దమనిషికి కొత్త వెండితో నిగనిగలాడే బిళ్ళ ఒకటి చేసిచ్చి, ఆ పాతదాన్ని మెరుగాయన తన దగ్గర ఉంచుకున్నాడు. తనే లాభపడ్డానని ఎవరికి వారు అనుకుంటూ విడిపోయారు.

దాన్ని ప్రూఫ్ నాణెం అంటారని తర్వాత తెలిసింది. బజారులో చేతులు మారడానికి కొట్టింది కాదది. టంకశాలవాళ్ళు తమ పనితనం చూపించుకోవడానికి ఏవో కాసిని చేసి దాచుకునేవారు. వెండి బిళ్ళకూ, దాన్ని నొక్కే ఉక్కు అచ్చుకూ ముందుగానే అద్దంలా మెరుగు పెట్టి, అప్పుడు తాపీగా ఒకటికి రెండుసార్లు నొక్కి తీసేవారు. మెరుగాయనను పడగొట్టింది సరిగ్గా ఇదే. లోకమంతా వస్తువు చేశాక మెరుగు పెడుతుంది, వీళ్ళు చేయకముందే పెట్టేశారు. పైగా ఆ నాణెం తెల్లదొరల ఏలుబడి నాటిది, రెండో ప్రపంచయుద్ధ కాలంలోది. వెండికి కరువు, మనుషులకు కరువు, మామూలు నాణేల్లో వెండి తగ్గించి రాగి కలిపేస్తున్న రోజులవి. సైరన్ మోగగానే దీపాలార్పి గోడ పక్కన నక్కే ఆ రోజుల్లో, ఎవడో ఒకడు కూర్చుని అచ్చుకు అద్దం తేలేదాకా రుద్దాడు.

"వాడికెంత పొగరుండాలి చెప్పు," అన్నాడు ఇంటికొచ్చి భార్యతో, మెచ్చుకోలుగా.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మీకు చుట్టమే అయ్యుంటాడు. బాబాయి వరసేమో కనుక్కోండి," అంది.

ఆవిడ వేళాకోళానికి అన్నది ఈయన ఖాయం చేసుకున్నాడు. ఆ రోజునుంచి ఆ పేరూ ఊరూ తెలియని టంకశాల పనివాడు ఆ ఇంట్లో బాబాయ్ అయిపోయాడు. యుద్ధం నాటి ప్రూఫ్ బిళ్ళలు ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. కొన్ని పాత సామాను అంగళ్ళలో దొరికాయి, కొన్ని మార్పిడిలో వచ్చాయి, ఒకదాని కోసం సెలవుపెట్టి రైలెక్కి వెళ్ళొచ్చాడు. వాటికోసం చెక్కతో పల్చటి పెట్టె చేయించి, ఏడాదికొక గుంట తవ్వించి, గుంటకు మెత్తని గుడ్డ తనే అంటించాడు. ఇంట్లో మనుషులకన్నా రాజుగారి తలలే ఎక్కువయ్యాయని నర్సమ్మ దెప్పేది. దెప్పుతూనే పెట్టె మీద దుమ్ము పడకుండా పాత దిండు గలేబు కుట్టి తొడిగింది.

మెరుగాయన ఆ బిళ్ళలను భూతద్దం కింద పెట్టి రోజుల తరబడి చూశాడు. చూడగా చూడగా అంచు దగ్గర, అక్షరాల వెనక, వెంట్రుకలో సగం కూడా లేని గీతలు కనిపించాయి. అచ్చుకు మెరుగు పెట్టినప్పుడు ఉక్కు మీద మిగిలిపోయిన గీతలవి. అచ్చు మీద గీత పల్లమైతే బిళ్ళ మీద ఉబ్బుగా వస్తుంది. అన్ని బిళ్ళల మీదా అవి ఒకే పక్కకు వంగి, చివర్లో కొంచెం పైకి లేచాయి. చెయ్యి తిప్పి ఎత్తేటప్పుడు వచ్చే వంపు అది. తన చెయ్యి కూడా అలాగే లేస్తుంది, కాకపోతే రెండో పక్కకు.

"బాబాయ్‌ది ఎడమచేయి. మనిషి ఒక్కడే, ఏటేటా వాడే," అని నాణేల సంఘంలో బల్ల గుద్ది చెప్పాడు.

ఆ సంఘం ఒక అచ్చాఫీసు మేడ మీద కూడుతుంది. కింద యంత్రం నడుస్తుంటే పైన టీ గ్లాసులు వణుకుతుంటాయి. అచ్చాఫీసు యజమాని ప్రెస్సాయనకు కూడా నాణేల పిచ్చే.

"అచ్చులో ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. రోజూ నేను చేసే పని అదేనయ్యా. నీ బాబాయ్‌ది కుడిచేయే," అన్నాడు ప్రెస్సాయన.

"ఆ తిరగేసే లెక్క కూడా వేసే చెబుతున్నాను. ఎడమచేయే."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ సంఘానికి పెద్ద. మెరుగాయన పెట్టెలో ఆఖరి గుంట ఖాళీగా ఉండటానికి కారణం కూడా ఆవిడే. యుద్ధం ఆఖరి ఏడాది ప్రూఫ్ బిళ్ళ ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంది. మెరుగాయన అడగని సమావేశం లేదు. "నేను పోయాక అడుగు," అనేది ఆవిడ.

గుంట నిండాలన్న ఆశ ఉండనే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆయనను నిలవనీయనిది ఇంకొకటి. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి చేతిపని వచ్చినవాళ్ళను యుద్ధం పనులకు పట్టుకుపోయారని ఎక్కడో చదివాడు. మరి బాబాయ్ ఏమయ్యాడు? ఆయన్నీ పట్టుకుపోయారా, లేక ఆ బల్ల ముందే ఉన్నాడా? ఆ బిళ్ళను భూతద్దం కింద పెడితే తెలిసిపోతుంది. పెట్టనంతకాలం తెలియదు. సొంత బాబాయ్ తప్పిపోయినా మనిషి ఇంత కొట్టుకులాడడని నర్సమ్మ అంటే, సొంత బాబాయ్ మెరుగు పెట్టలేదు కదా అన్నాడు.

అలాంటిది ఒకరోజు డాక్టరమ్మే కబురు పెట్టింది. బిళ్ళ ఇస్తాను, వచ్చి తీసుకెళ్ళమంది.

మెరుగాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతులు తోమాడు, మళ్ళీ తోమాడు. ఇన్నేళ్ళు తన ఇల్లేలిన ఆ బిళ్ళ ముఖం ఎలా ఉంటుందో చూడాలని నర్సమ్మ కూడా బయల్దేరింది.

డాక్టరమ్మ ఆస్పత్రి మూసేసి చాలాకాలమైంది. అయినా పళ్ళు పీకే కుర్చీ ఆ గదిలోనే ఉంది, దాని మీదికి వంగే దీపం కూడా ఉంది. మొన్నటిదాకా ఆ దీపం కిందే ఆవిడ నాణేలు చూసుకునేది. వాళ్ళు వెళ్ళేసరికి చేతులకు తెల్లటి నూలు గ్లవ్స్ వేసుకుని, తనే రోగిలా ఆ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"రా అబ్బాయ్. నువ్వు కూడా వచ్చావామ్మా, మంచిది. అబ్బాయ్, ఆ స్టూలు లాక్కో," అంది. "నా కళ్ళు పోతున్నాయి. పక్కలవి కనిపిస్తాయి, సూటిగా చూసింది కనిపించదు. ఇప్పుడు నీ చెవులు రెండూ కనిపిస్తున్నాయి, ముఖం లేదు."

"ముఖంలో పెద్దగా చూడవలసిందేమీ లేదులెండి డాక్టరమ్మా," అంది నర్సమ్మ.

డాక్టరమ్మ నవ్వి, ఒడిలో ఉన్న చిన్న డబ్బీ తీసింది. "చూడలేనిదాన్ని దాచుకుని నేనేం చేసుకోను. కానీ ఊరికే ఇవ్వను. దీని మీద ఏముందో ఉన్నదంతా నాకు చెప్పు. ఇన్నేళ్ళు నేను చూసింది నీకు కూడా కనిపిస్తే తీసుకుపో. లేకపోతే ప్రెస్సాయనకు ఇచ్చేస్తాను."

"చెప్పనివ్వండి. మీరు చూడనిది కూడా చెబుతాను," అన్నాడు మెరుగాయన.

ఆవిడ ఇంకో జత గ్లవ్స్ అందించింది. అవి ఆవిడ చేతులకు సరిపోయేవి. మెరుగాయన వేళ్ళు వాటిలో సగానికి కూడా దిగలేదు.

"పర్లేదమ్మా, అంచు పట్టుకుంటాను. ఈ చేతికి వెండి కొత్తా ఏమిటి," అని పక్కన పెట్టేశాడు.

దీపం వెలిగించి, బిళ్ళను అంచు మీద రెండు వేళ్ళతో ఎత్తాడు. ఎత్తగానే దాని మీద దీపం ముక్కలు కాకుండా నిండుగా కనిపించింది. చెప్పడం మొదలుపెట్టాడు. నేల మీద మచ్చ లేదన్నాడు. రాజుగారి జుట్టులో పాయలు విడివిడిగా ఉన్నాయనీ, కిరీటం కింద చెవి సగమే కనిపిస్తోందనీ చెప్పాడు. అంచు చుట్టూ నీలం రంగు పల్చగా కమ్ముకుని, కిందికి వచ్చేసరికి తేనెరంగుకు తిరిగిందన్నాడు. మెడ కింద గసగస గింజంత చుక్క ఒకటి ఉంది, అది అచ్చులో లోపమే కానీ దెబ్బ కాదన్నాడు.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. చుక్క దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ముఖం విచ్చుకుంది. "దాన్ని పట్టుకున్నావా. ఇంకెవరికీ కనిపించలేదు. ఇంకా చెప్పు."

మెరుగాయన భూతద్దం తీసి కంటికి ఆనించుకున్నాడు. అంచు దగ్గర వెతికాడు. అక్షరాల వెనక వెతికాడు. ఒక మూల సన్నటి గీతలు కనిపించాయి. వంగి, చివర్లో పైకి లేచి ఉన్నాయి. అదే వంపు, అదే పక్కకు.

"ఉన్నాడమ్మా," అన్నాడు. "బాబాయ్ ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు. ఆఖరిదాకా ఆ బల్ల ముందే కూర్చున్నాడు."

సంతోషం ఆయనను ముంచేసింది. ఇన్నేళ్ళ వెతుకులాట ఒక కొలిక్కి వచ్చింది, పని పూర్తయింది. పని పూర్తయినప్పుడు చెయ్యి ఏం చేస్తుందో అదే చేసింది. బిళ్ళను వెలుతురుకు పట్టి, బొటనవేలితో దాని ముఖం మీద ఒక్కసారి అడ్డంగా రాసేసింది.

రాసిన తర్వాత గానీ ఆయనకు తెలియలేదు. భూతద్దం మళ్ళీ పెట్టి చూశాడు. రాజుగారి చెంప పక్క నుంచి అద్దం నేల మీదుగా గీతలు పడ్డాయి. వేలి గీతల్లో ఏళ్ళ తరబడి దాక్కున్న ఎర్రపొడి చేసిన నిర్వాకం. అవి తుడిస్తే పోయేవి కావు, తుడిస్తే ఇంకా పెరుగుతాయి. ఆ సంగతి మెరుగాయనకు చెప్పాలా.

నర్సమ్మ చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భర్త వంక చూసింది. డాక్టరమ్మకు ఏమీ కనిపించలేదు. ఆవిడ ముఖంలో అదే నవ్వు.

"నువ్వు చెప్పినవన్నీ నేను చూసినవే అబ్బాయ్. ఆ బాబాయ్ ఒక్కడు నాకెప్పుడూ కనిపించలేదు. సరే, మాట ప్రకారం అది నీది. అంతేనా, ఇంకేమైనా ఉందా?"

బిళ్ళ చేతిలోనే ఉంది. గుంట ఇంట్లో ఖాళీగా ఉంది. అంతేనమ్మా అంటే చాలు, తీసుకుని మెట్లు దిగిపోవచ్చు. ఆ మాట ఆయన నాలుక మీదికి వచ్చిందా రాలేదా అని తర్వాత నర్సమ్మ చాలాసార్లు అడిగింది. వచ్చింది, మింగేశానన్నాడు.

"ఇంకొకటి ఉందమ్మా. చెంప పక్కన అడ్డంగా నాలుగు గీతలు. ఇందాక లేవు. ఇప్పుడే నా వేలు రాసింది," అన్నాడు.

డాక్టరమ్మ ముఖం బిగుసుకుంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"రుద్దావా?"

"రుద్దానమ్మా. కావాలని కాదు. పని అయిపోతే మా చేతులు అలా చేస్తాయి. గ్లవ్స్ పక్కన పెట్టింది మాత్రం నేనే."

"నాకు తెలిసేది కాదుగా. ఎందుకు చెప్పావు?"

"ఉన్నదంతా చెప్పమన్నారు కదా. అది కూడా ఉంది."

కింద వీధిలో ఎవరో తోపుడుబండి మీద ఇనుప సామాను వేసుకుని గడగడలాడిస్తూ వెళ్ళారు. ఆ చప్పుడు పూర్తిగా తగ్గాక డాక్టరమ్మ చేతి గ్లవ్స్ ఒక్కో వేలూ లాగి తీసేసి, అరచెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని అంచు పట్టుకోలేదు. అరచేతిలో పరుచుకుని, వట్టి బొటనవేలితో మెల్లిగా తడిమింది. ఒకచోట వేలు ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఇది ముక్కా?" అంది.

"ముక్కేనమ్మా. కొంచెం కిందికి రండి, పెదవులు."

"ఇంత ఎత్తుగా ఉంటుందా. నేననుకోలేదు." ఆవిడ వేలు అక్కడే ఉంచింది. "మా నాన్న ఇచ్చాడిది నాకు, కాలేజీలో చేరినప్పుడు. వేలు తగిలితే పాడైపోతుందని ఆయనే చెప్పాడు. అప్పటినుంచీ అంచు పట్టుకుని చూడటమే గానీ ఒక్కసారి తాకి ఎరగను. ఇప్పుడు చూడటం కూడా లేదు కదా, పెట్టెలో పెట్టి మూతేస్తే ఉన్నా లేనట్టే అనుకున్నాను. అందుకే నిన్ను రమ్మన్నాను."

వేలు రాజుగారి చెంప మీదుగా, మెరుగాయన గీతల మీదుగా, అక్షరాల దాకా వెళ్ళి ఒక్కో అక్షరాన్నీ చుట్టి వచ్చింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నిలిచాయి, వాటిని తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

"ఎలాగూ పాడైంది. ఇంక నా ఇష్టం," అంది. "దీన్ని నీకివ్వను అబ్బాయ్. ప్రెస్సాయనకూ ఇవ్వను."

మెరుగాయనకు ప్రాణం ఉసూరుమంది. ఉసూరుమన్నది నిజం, ఆ వేలిని చూస్తుంటే కడుపు నిండినట్టున్నది కూడా నిజం.

"ఇవ్వకండి. అది మీ దగ్గరే ఉండాలి," అన్నాడు.

"మరి నీ బాబాయ్ ఎక్కడ? నా వేలికి తగలడేం?"

"తగలడమ్మా. ఆయన పని అంత సన్నం. ఆయన సంగతి నేను చెప్పవలసిందే."

"ఇతను చెబితే నమ్మాలా?" అంది, తలుపు పక్కనున్న నర్సమ్మ వైపు తల తిప్పి.

"ఇంతసేపూ ఏం విన్నారు డాక్టరమ్మా," అంది నర్సమ్మ.

"సరే, ఎడమచేయే అయ్యుంటుంది. చెప్పు, మొదటినుంచి చెప్పు."

మెరుగాయన స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. ఆవిడ వేలు పట్టుకుని బిళ్ళ అంచు మీద, బాబాయ్ చెయ్యి పైకి లేచిన చోట ఉంచి, చెప్పడం మొదలుపెట్టాడు.